ఎండ దిగేదాకా

మన్సూరాబాద్,
2011 జూలై, ఆదివారం.

అక్క యాదలక్ష్మికి, మహిపాల్ బావకు తమ్ముడు భిక్షపతి నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేం క్షేమం. అక్కడ మీరు, పిల్లలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ ముక్క ఎప్పుడూ కళ్ళు మూసుకుని రాసేవాణ్ణి. ఇవాళ 'మేం' అని రాశాక చెయ్యి ఆగింది. క్షేమంగా ఉన్నది నేను. అమ్మ సంగతి కింద రాస్తాను, ఓపికపట్టి చదువు. మధ్యలో కోపమొచ్చి చింపెయ్యకు. చివరిదాకా చదివి అప్పుడు చింపు.

రామస్వామి మామ చేతికిచ్చి పంపిన నీ ఉత్తరం అందింది, పిల్లల ఫోటో కూడా. చిన్నదానిది అచ్చం నాయిన ముక్కే. మామ రేపు మళ్ళీ భివండి బస్సెక్కుతున్నాడు కాబట్టి ఇది ఆయనకే ఇస్తున్నాను. చేతిలో ఫోనుండగా ఉత్తరమేంది అని బావ నవ్వుతాడని తెలుసు. మనది రెండు గదుల కిరాయి ఇల్లు. ఏ మూల నిలబడి మాట్లాడినా అమ్మ చెవిలో మాట్లాడినట్టే. పైగా ఫోన్‌లో అయితే నేను మాట తిప్పేస్తాను, నా బుద్ధి నీకు తెలియనిది కాదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను.

అమ్మ చేతికి కట్టు విప్పారు. మోచేతి నుంచి మణికట్టు దాకా కొత్త చర్మం వచ్చింది. కానీ వేళ్ళు పూర్తిగా ముడుచుకోవట్లేదు, సూది నిలవట్లేదు. చైతన్యపురి దుకాణం వాళ్ళు చీరలకు ఫాల్ కుట్టే పని వేరే ఆమెకిచ్చేశారు. వాళ్ళనీ ఏమీ అనలేం, ఎన్నాళ్ళని ఆగుతారు. అన్నం ఎడమచేత్తో తింటోంది. తినేటప్పుడు ఎవరైనా గుమ్మంలోకి వస్తే కంచం పక్కకు జరిపి, తినడం అయిపోయినట్టు కూర్చుంటుంది. నేను తినిపిస్తానంటే ఒక్కసారి తప్ప ఒప్పుకోలేదు. ఆ ఒక్కసారి గురించి కూడా రాస్తాను.

బందుల గురించి అడిగావు. ఇక్కడ పొద్దున లేవగానే పాలొచ్చాయా అని ఎవరూ అడగట్లేదు, ఇవాళ బందా కాదా అని అడుగుతున్నారు. హాస్టళ్ళ పిల్లలు పుస్తకాలు పక్కనపెట్టి రోడ్డు మీదే ఉంటున్నారు. షూటింగులు నడిచినరోజు నడుస్తున్నాయి, లేనిరోజు లేవు. నా పెళ్ళి గురించి కూడా అడిగావు. ఈ ఉత్తరం చదివాక నువ్వే ఏ పిల్లనూ నాకు చూడవు, కాబట్టి దానికి జవాబు రాయను.

ఇక బావ అడిగింది. 'వాడు కెమెరామనా, డైరెక్టరా, ఒకటి తేల్చుకోమను, రెండు పడవల మీద కాళ్ళు పెడితే నడుమిట్ల మునుగుతడు' అన్నాడని రాశావు. బావ నోట్లో నువ్వుగింజ నానదు గానీ, ఆయన మాట ఇన్నాళ్ళకు నిజమైంది. మునిగింది మాత్రం నేను కాదు.

నా పనేమిటో మీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. రామమోహనరావు గారు పెద్ద కెమెరామన్, గుంటూరు వైపు ఆయన. ఆయన దగ్గర చేరి పని నేర్చుకున్నాను, ఇప్పుడు కొన్ని షాట్లు నా చేతికే వదిలేస్తారు. ఈ పనిలో సగం ఎదురుచూపే. మబ్బు పోవాలి, ఎండ వాలాలి, మంచి వెలుతురు రావాలి. అది వచ్చేదాకా హీరో అయినా సరే గొడుగు కింద కూర్చోవాల్సిందే. ఇంకో నియమం ఉంది. డైరెక్టర్ 'కట్' అనేదాకా కెమెరా ఆగకూడదు. ఎదురుగా నటుడు మాట మర్చిపోనీ, కుర్చీ విరిగి పడిపోనీ, ఆపే హక్కు మనది కాదు. చేరిన కొత్తలో ఒకసారి నా అంతట నేను ఆపితే రామమోహనరావు గారు యూనిట్ మొత్తం ముందు నన్ను ఉతికి ఆరేశారు. మళ్ళీ ఆపలేదు.

ఆ పని నాకు అన్నం పెడుతోంది, కాదనను. కానీ నా మనసంతా డైరెక్షన్ మీదే అక్కా. ఎవరి కథకో వెలుతురు పట్టడం కాకుండా, మనవాళ్ళ కథ నేనే చెప్పాలని. పోయినేడు నాదర్‌గుల్ పొలాల్లో ఓ చిన్న సినిమా తీశాను. ప్రతి మాట మధ్యలో పైన ట్రైనింగ్ విమానం చక్కర్లు కొట్టి మొత్తం పాడైంది. అమ్మ మాత్రం 'విమానం మంచిగ పడ్డది' అని కాలనీ అంతా చెప్పుకుంది. నా సినిమాకు ఇప్పటిదాకా వచ్చిన మెప్పు అదొక్కటే.

ఇక అసలు సంగతి.

పోయిన నెల ఉద్యమం కోసం రోడ్ల మీదే వండుకుని తినే వంటావార్పు అన్నారు గదా. ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర హైవే మీద కాలనీకో పొయ్యి పెట్టారు. మన్సూరాబాద్ ఆడవాళ్ళ పొయ్యికి అమ్మే పెద్ద. షూటింగ్ లేదు కాబట్టి రామమోహనరావు గారి చిన్న కెమెరా అడిగి తెచ్చుకున్నాను. ఈసారి నేనే డైరెక్టర్‌ను, నేనే కెమెరామన్‌ను. పొద్దుటినుంచి తీస్తూనే ఉన్నాను. అమ్మ కొంగు బిగించి పెద్ద బగోనెలో పప్పుచారు కాస్తుంటే, పక్కన ఆడవాళ్ళు పాటెత్తుకుంటుంటే, నిజం చెప్తున్నా, ఒళ్ళు పులకరించింది. సినిమా దొరికిందిరా అనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక వంట అయింది. మిగతా పొయ్యిల దగ్గర వడ్డన మొదలైంది. సాయంత్రానికి రోడ్డు ఖాళీ చేస్తామని ఉద్యమం నడిపే జేఏసీ పెద్దలు మాటిచ్చి ఉన్నారు. అమ్మ గరిటె తీసింది. నేను పరుగెత్తి వెళ్ళి వద్దన్నాను. నెత్తిమీద ఎండ ఉన్నప్పుడు తీస్తే మొహాలు నల్లగా, గుంటలు పడినట్టు వస్తాయి. దిల్‌సుఖ్‌నగర్ వైపు పొద్దు వాలితే వెలుతురు రోడ్డు పొడవునా పడుతుంది, పొయ్యి పొగ దాంట్లో మెరుస్తుంది, ఆ పొగలో అమ్మ వడ్డిస్తుంటే చూడాలి. ఇదంతా నా బుర్రలో ఉంది. నా నోటినుంచి వచ్చింది మాత్రం, "అమ్మా, ఎండ దిగేదాక వడ్డియ్యకు" అని.

అమ్మ కూర్చున్నవాళ్ళ వైపు చూసింది. "గందాక మందిని పస్తుంచాల్నా బిడ్డా?" అంది.

గంటలో అయిపోతుందన్నాను. నా పనికి అదే కావాలన్నాను. ఆ మాటతో గరిటె పెట్టేసింది.

చారు చల్లారుతుందని మంట మళ్ళీ రాజేసింది. పక్క వీధి అంతయ్య తాత, పొద్దుటినుంచి కంఠం పోయేలా నినాదాలిచ్చిన మనిషి, ఆకలైతుందని లేచి వచ్చాడు. మా కొడుకు సినిమా కోసం ఆపానని చెప్తే నన్ను నలుగురూ నాలుగు అంటారని అమ్మకు తెలుసు. "పప్పు ఉడకలే అన్నా, ఇంక జరసేపు" అంది. పప్పు ఎసట్లో వేసి వాసన చూసి ఉడికిందని చెప్పే మనిషి, అందరి ముందు అలా అంది. ఆడవాళ్ళు నవ్వారు. అండాలమ్మ చెయ్యి తప్పింది అన్నారు. అమ్మ కూడా వాళ్ళతోపాటు నవ్వింది. ఆ నవ్వు నా కెమెరాలో ఉంది.

మిగతా కాలనీల వాళ్ళు తిని లేచిపోయారు. రోడ్డు అటువైపు బండ్లు వదిలేశారు. మనవాళ్ళు ఇంకా ఆకులు ముందేసుకుని కూర్చునే ఉన్నారు. ఎండ అప్పుడే వాలుతోంది. నేను కోరుకున్న వెలుతురు వచ్చింది అక్కా, అంతకంటే బాగా వచ్చింది. అమ్మ గరిటె ఎత్తింది. సరిగ్గా అప్పుడే ఆగిన లారీలు హారన్లు కొడుతూ మా వైపుకీ దూసుకొచ్చాయి. కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచి తోసుకున్నారు. ఎవరి కాలు తగిలిందో, పొయ్యిరాయి జారింది. బగోనె ఒరిగింది. అది ఒరిగినవైపు పిల్లలు కూర్చుని ఉన్నారు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

మరుగుతున్న చారు అక్కా. అది మరుగుతున్నది నా మాట మీదే.

దవాఖానలో డాక్టర్‌కూ అమ్మ అదే చెప్పింది, పప్పు ఉడకక ఆలస్యమైందని. ఫోన్‌లో నీకూ అదే చెప్పింది. నువ్వు అరిచావు. ముసలితనమొచ్చింది, పప్పు ఉడికిందీ లేనిదీ తెలియట్లేదు, ఈ వయసులో రోడ్ల మీద నీకేం పని, మూటముల్లె సర్దుకుని భివండి రా అన్నావు. అప్పట్నుంచి రెండురోజులకోసారి అదే మాట. నేను పక్కనే కూర్చుని అన్నీ విన్నాను. అమ్మ ఫోన్ చెవిన పెట్టుకుని 'అవు బిడ్డా, నాదే తప్పు' అంటుంటే, నేను గోడ మీద క్యాలెండర్ చూస్తూ ఉన్నాను. రానని మాత్రం గట్టిగా చెప్పేది. 'వాని పెండ్లయ్యేదాక నేను ఈడనే ఉంట' అనేది.

ఇంతవరకే అయితే ఫోన్‌లోనే చెప్పి కాళ్ళు పట్టుకునేవాణ్ణి. ఇంకా ఉంది.

ఆ బగోనె ఒరగడం, అమ్మ చెయ్యి పెట్టడం, అంతా కెమెరాలో పడింది. నేను దూరంగా డివైడర్ మీద నిలబడి తీస్తున్నాను. అమ్మకు నేను ఎక్కడున్నానో తెలియదు, పొద్దు నా వెనక ఉంది, ఆమె కళ్ళకు కొడుతోంది. ఆమె పిలిచింది. "కొడుకా, ఓ కొడుకా" అని పిలిచింది. చుట్టూ అంత గోలలోనూ నాకు వినబడింది. ఒక్కసారి కాదు, ఎన్నిసార్లో నాకు తెలుసు, రాయలేను. నేను కదల్లేదు. కన్ను కెమెరాకే ఆనించి ఉంచాను. ఎవరో కట్ అనాలి, నేను ఆగాలి. నాకు అలవాటైంది అదే. ఆరోజు డైరెక్టర్‌ను కూడా నేనేనని నాకు గుర్తు రాలేదని చెప్పుకుందామనుకున్నాను. అది కూడా అబద్ధమే అక్కా. గుర్తుంది. డైరెక్టర్‌గా నాకు ఆ షాట్ కావాలి, కెమెరామన్‌గా అది నా చేతిలో ఉంది. ఇద్దరిలో ఒక్కడు కూడా ఆమె కొడుకు కాలేదు.

అమ్మను నలుగురు పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాక, ఫ్రేమ్‌లో ఆమె లేనప్పుడు, అప్పుడు కెమెరా దించి పరుగెత్తాను. నన్ను చూడగానే అమ్మ చుట్టూ ఉన్నవాళ్ళతో, 'చూసిన్రా, ఎట్ల ఉరికొచ్చిండో నా కొడుకు' అంది. వారం రోజులు వచ్చిపోయేవాళ్ళందరికీ అదే చెప్పింది.

కెమెరా తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు రామమోహనరావు గారు తీసిందంతా చూపించమన్నారు. ఆ షాట్ దగ్గర లేచి నిలబడ్డారు. "నువ్వు డైరెక్షన్ డైరెక్షన్ అని కలవరిస్తుంటావు గానీ, ఇది కెమెరామన్ చెయ్యయ్యా. అంత జరుగుతున్నా ఫ్రేమ్ వీసమెత్తు కదల్లేదు చూడు" అన్నారు. ఎన్నేళ్ళుగానో ఆ నోటి నుంచి ఒక్క మంచిమాట కోసం కాచుకున్నాను. వచ్చింది. తర్వాత ఆయన, "పాపం పిలుస్తూనే ఉందే. చివరికైనా వచ్చాడా ఆ కొడుకు?" అని అడిగారు.

"వచ్చాడు సార్, కొంచెం ఆలస్యంగా" అన్నాను.

ఆమె మా అమ్మ అని చెప్పలేదు. ఆయన 'ఏం కొడుకయ్యా' అని నిట్టూర్చారు. నేను కూడా తలూపాను. ఆ తలూపినందుకు నన్ను నేను చెప్పు తీసుకుని కొట్టుకోవాలి.

ఆయన ఆ షాట్‌ను ఒక నిర్మాతకు చూపించారు. ఉద్యమం మీద చిన్న సినిమా తీద్దాం, కుర్రాడికే డైరెక్షన్ ఇద్దాం అన్నాడట ఆ నిర్మాత. ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట. నాకు సంతోషమైంది అక్కా, దాచను, ఆరోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి మిఠాయి కొన్నాను. అమ్మ చేతికి అప్పటికింకా కట్టు ఉంది. నేనే తినిపించాను. ఆమె నా చేత్తో తిన్నది ఆ ఒక్కసారే. దేనికి బిడ్డా అని అడిగితే నా సినిమా ఖాయమైతున్నది అన్నాను. ఎడమచెయ్యి ఎత్తి నా తల నిమిరింది. ఆమె చెయ్యి కాలడమే నాకు సినిమా తెచ్చిందని ఆమెకు తెలియదు.

ఆ నిర్మాతకు ఏమి చెప్పావని అడుగుతావు. ఇంకా ఏమీ చెప్పలేదు. వద్దని చెప్పాలని పొద్దున అనుకుంటాను, సాయంత్రానికి నోరు రాదు. నీ తమ్ముడు ఎలాంటివాడో ఇది కూడా తెలుసుకో.

అమ్మ రోజూ అడిగేది, 'మా వంట సినిమాల పడ్డదా, మాకెప్పుడు చూపిస్తవ్' అని. కంప్యూటర్ పాడైందనీ, ఇంకా తయారు కాలేదనీ దాటవేసేవాణ్ణి. మొన్న శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్ళీ అడిగింది. ఆమె ఎడమచేత్తో తినడం చూస్తూ చూస్తూ ఉన్నాను, ఇక అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టి నేను పక్కన కూర్చున్నాను.

మొదట ఎంత సంబరపడిందో. అంతయ్య తాత మంచిగ పడ్డడు, నేనేంది గింత లావుగున్న, ఆ పాట మళ్ళొకసారి పెట్టు అని నవ్వింది. పప్పు ఉడకలేదన్నచోట నా వైపు చూసి కన్ను గీటింది, మనిద్దరికే తెలిసిన ముచ్చట అన్నట్టు. అక్కడే ఆపేయొచ్చు. ఇంతే అమ్మా అనొచ్చు. నా వేలు మీట మీదే ఉంది. ఆపలేదు. ఎందుకు ఆపలేదో నాకూ తెలియదు, ఎవరో ఒకరు నన్ను పట్టుకోవాలని ఉందేమో.

లారీల హారన్లు వినబడ్డాయి. బగోనె ఒరిగింది. తర్వాత ఆమె గొంతు. ఆ చిన్న గదిలో ఆమె తన గొంతు తానే వింటూ కూర్చుంది. కొడుకా, ఓ కొడుకా. బొమ్మ మాత్రం కదలకుండా నిలబడి ఉంది, గోడకు మేకు కొట్టినట్టు. అమ్మ చదువుకోలేదు గానీ, అది తీస్తున్న మనిషి ఎక్కడ నిలబడ్డాడో, ఎంతసేపు నిలబడ్డాడో అర్థం కావడానికి చదువెందుకు.

అయిపోయాక కూడా తెర వైపే చూస్తోంది. నా వైపు తిరగలేదు.

"నీకు ఇనవడలేదనుకున్న కొడుకా" అంది.

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. లేచి వెళ్ళి పెరట్లో ఆరేసిన బట్టలు తీసింది, ఒక చేత్తోనే మడతపెట్టింది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. జరుగు బిడ్డా, బట్టలు తడుస్తయి అంది. సాయంత్రం నా ముందు టీ గ్లాసు పెట్టి, "యాదమ్మకు చెప్పు, నేనొస్తనని" అంది. నా పెళ్ళి అయ్యేదాకా ఈ గడప దాటనన్న మనిషి. ఎప్పుడని అడిగాను. ఏ బస్సుకైనా సరే అంది.

నిన్న మూట సర్దుకుంది. సర్దుకుంటూ ఇంకో మాట చెప్పింది. నువ్వు అడిగితే పప్పే ఉడకలేదని చెప్తుందట, నన్ను కూడా ఆ మాట మీదే ఉండమంది. 'అక్క మనసు విరిగితే అతకదు, నీకు ఉన్నది అదొక్కతే' అంది. ఇంత చూశాక కూడా అక్కా, నన్ను నీ దగ్గర కాపాడాలనే చూస్తోంది. ఆమె మాట దాటి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆమె కంటే ముందే ఇది నీకు చేరాలి.

వచ్చే గురువారం బస్సెక్కిస్తాను. నేను తోడు వస్తానంటే వద్దంది, వేరేవాళ్ళెవరో తెలిసినవాళ్ళున్నారట. మెట్లు దిగేటప్పుడు కుడిచేత్తో కమ్మీ పట్టుకోలేదు, బావను ఎదురెళ్ళి దించమను. అన్నం తినేటప్పుడు పిల్లలను చుట్టూ గుమిగూడనియ్యకు, తినడం ఆపేస్తుంది. ఆమెను ఇంకొక్క మాట కూడా అనకు. అనాల్సినవన్నీ నాకు దాచిపెట్టు, నేనే వచ్చి తింటాను. నా మొహం చూడనంటే గుమ్మం బయటినుంచే వెళ్ళిపోతాను.

మీ దగ్గర మరమగ్గాల చప్పుడు ఎక్కువ కదా, లోపల్నుంచి పిలిస్తే వినబడదు. అమ్మకు గొంతు పెంచి పిలవడం ఇక ఇష్టం ఉండదనుకుంటాను. పక్కన ఎవరో ఒకరిని ఉంచు. ఆమె పిలిస్తే, చేతిలో ఎంత పనున్నా వదిలేసి, మొదటి పిలుపుకే వెళ్ళు అక్కా.

ఇట్లు,
నీ తమ్ముడు
భిక్షపతి